పడమటి ఎండకు మట్టి తెర: విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఇంటి కేస్ స్టడీ

ఇల్లు పడమర ముఖం. కింద పార్కింగ్, పైన రెండు అంతస్తులు. ముందు 20 అడుగుల వీధి, అవతల ఇంచుమించు ఇదే ఎత్తున్న మరో ఇల్లు. మొదటి అంతస్తులో హైస్కూల్లో పనిచేసి రిటైరైన మాస్టారు, ఆయన భార్య ఉంటారు. రెండో అంతస్తులో కొడుకు, కోడలు, పిల్లలు. కోడలు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు, ఆమె బల్ల పడమటి గదిలోనే. రెండు అంతస్తుల్లోనూ పడమటి వైపు 4 అడుగుల బాల్కనీ, దాని వెనక పెద్ద గాజు తలుపులు ఉన్నాయి.

వాళ్లకి రెండు ఇబ్బందులు. ఒకటి మధ్యాహ్నం తర్వాత ఎండ. రెండోది ఎదురింటి బాల్కనీ. తలుపు తీస్తే మాటలు కూడా వినిపించేంత దగ్గర. ఈ రెండింటికీ వాళ్లు చేసింది, మన ఊళ్లలో అందరూ చేసేదే: బాల్కనీకి పచ్చటి షేడ్ నెట్ కట్టారు, లోపల మందపాటి కర్టెన్లు వేశారు, తలుపులు మూసి ఏసీ పెట్టారు. నెట్ రెండు వేసవులకే చిరిగి పీలికలైంది. పడమటి గాలి ఇంట్లోకి రావడం మానేసింది. ఇక ఎలివేషన్ మార్చుకుందామనుకున్నారు. నా దగ్గరికి వచ్చేటప్పటికే ఒక కాంట్రాక్టరు బాల్కనీ మొత్తం గాజుతో మూసేసి, చుట్టూ ఏసీపీ షీట్లు (నడుమ ప్లాస్టిక్ ఉన్న అల్యూమినియం రేకులు) వేసేలా ఒక రంగుల బొమ్మ ఇచ్చి ఉన్నాడు.

ఆ బొమ్మ ప్రకారం కట్టి ఉంటే ఆ ఇంట్లో వేసవి భరించలేనిదయ్యేది. గాజు ఎండను లోపలికి రానిస్తుంది కానీ, దానితో కాగిన నేలా సామానూ వదిలే వేడిని మళ్లీ బయటికి పోనివ్వదు. లోపలి కర్టెన్ ఆపేది వెలుతురునే, వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. ఎండను గాజుకు బయటే ఆపాలి. మన పాత ఇళ్లలో వసారాకి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు. అవి చేసింది ఇదే, పైగా గాలిని చల్లబరిచి మరీ లోపలికి పంపేవి. ఈ ఇంటికి కావలసింది ఏళ్ల తరబడి నిలిచే అలాంటి తడిక. కాల్చిన మట్టితో చేద్దామన్నాను, అంటే చిల్లులున్న మట్టి బిళ్ళలు పేర్చిన తెర, జాలీ.

ముందు పొద్దు లెక్క

జాలీ అనగానే అందరూ డిజైన్ ఏదని అడుగుతారు. పువ్వా, చుక్కా, తేనెపట్టా? నేను మొదట సూర్యుడి లెక్క వేస్తాను. నా అనుభవంలో జాలీ పని తీరును నిర్ణయించేది చిల్లు ఆకారం కాదు, దాని లోతూ వాలూ.

విజయవాడ సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల మధ్యలో మధ్యాహ్నం 3 గంటలకు పొద్దు దాదాపు 47 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, 4 గంటలకు 33, 5 గంటలకు 19. పైగా ఆ నెలలో 4 గంటల పొద్దు సరిగ్గా పడమరకు పన్నెండు డిగ్రీలే ఉత్తరంగా ఉంటుంది. అంటే పడమటి గోడకు దాదాపు ఎదురుగా నిలబడి కొడుతుంది. అందుకే పడమటి వైపు నిలువు పలకలు పెట్టి మే ఎండను ఆపాలంటే కుదరదు, పలకకీ పలకకీ మధ్య నుంచి ఎండ నేరుగా లోపలికి వచ్చేస్తుంది. పైన 2 అడుగుల సజ్జ కూడా ఈ పొద్దుకు చాలదు. అదే దక్షిణ గోడ అయితే డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, మామూలు సజ్జ సరిపోతుంది. జాలీ మీద డబ్బు పెట్టాలంటే పడమరకీ తూర్పుకీ పెట్టాలి.

మబ్బు లేని మే సాయంత్రం 4 గంటలకు పడమటి గోడ మీద చదరపు మీటరుకు సుమారు అర కిలోవాటు ఎండ పడుతుంది. ఈ ఇంటి ముందు భాగం రెండు అంతస్తులూ కలిపి 45 చదరపు మీటర్లు. అంటే ఇంటి ముందు 2 కిలోవాట్ల గీజర్లు పదకొండు ఆన్ చేసి వదిలేసినట్టు. ఇది చెప్పాకే మాస్టారికి గాజు ఆలోచన మీద మనసు విరిగింది. ఆ వేడిలో కొంత 9 అంగుళాల ఇటుక గోడలోకి ఇంకి, ఆరేడు గంటల తర్వాత లోపలికి దిగుతుంది. రాత్రి పదింటికి కూడా గది ఎందుకు ఉడుకుతోందని వాళ్లు అడిగిన ప్రశ్నకు జవాబు అదే.

ఇప్పుడు చిల్లు సంగతి. ఎండ పై నుంచి ఏటవాలుగా వస్తుంది కాబట్టి, చిల్లు లోతుగా ఉంటే దాని పై అంచు నీడ అడుగు అంచును దాటిపోతుంది. అప్పుడు సూటి ఎండ ఒక్క చుక్క కూడా లోపలికి రాదు. చిల్లు ఎత్తునూ లోతునూ పోల్చి చూస్తే ఎన్ని గంటల వరకు ఆపుతుందో కాగితం మీదే తెలిసిపోతుంది. బజార్లో దొరికే 8 అంగుళాల మట్టి జాలీ సాధారణంగా 65 మిల్లీమీటర్ల లోతు, అందులో 80 మిల్లీమీటర్ల చిల్లు ఉంటుంది. పొద్దు 51 డిగ్రీల కిందికి దిగగానే, అంటే మే నెలలో 3 గంటలు కాకముందే, ఎండ లోపలికి జొరబడటం మొదలవుతుంది. సరిగ్గా బాధ మొదలయ్యే వేళకు అది చేతులెత్తేస్తుంది.

ఇక ఈమధ్య ప్రతి కాలనీలోనూ కనిపిస్తున్న సీఎన్‌సీ కటింగ్ షీట్లు, అంటే కంప్యూటర్ యంత్రంతో చిల్లులు కోసిన రేకులు. మూడు మిల్లీమీటర్ల మందం, అరచేయంత చిల్లులు. లోతు అనేదే లేదు కాబట్టి చిల్లు ఎంతుందో అంత ఎండా లోపలికి వస్తుంది. షీటు కాలి, ఆ వేడిని వెనక ఉన్న గదిలోకి కొడుతుంది. నేల మీద పడే నీడల ముగ్గు చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ ముగ్గులోని ప్రతి తెల్ల మచ్చా లోపలికి వచ్చిన ఎండే.

ఎదురిల్లు చేసిన మేలు

ఎదురింటిని అడ్డంకిగానే చూడటం అలవాటు. నేను దాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాను. ఆ ఇంటి పిట్టగోడ పై అంచు ఎత్తు, మా బాల్కనీ నుంచి దాని దూరం కొలిస్తే మొదటి అంతస్తుకు ఒక లెక్క, రెండో అంతస్తుకు ఇంకో లెక్క తేలింది. మొదటి అంతస్తులో నిలబడ్డ మనిషికి పొద్దు 34 డిగ్రీల కిందికి దిగాక ఎదురిల్లే అడ్డం వస్తుంది. అంటే 4 గంటలకల్లా ఎండ పోతుంది. రెండో అంతస్తుకు మాత్రం 17 డిగ్రీల దాకా, అంటే 5 దాటే వరకూ ఎండ తగులుతూనే ఉంటుంది.

మేము మొదట 100 మిల్లీమీటర్ల లోతు, 60 మిల్లీమీటర్ల ఎత్తున్న సమతలపు చిల్లు అనుకున్నాం. అది 31 డిగ్రీల దాకా ఎండను ఆపుతుంది. మొదటి అంతస్తుకు ఎండ పరంగా అది చాలు, ఆ కింది పని ఎదురిల్లు చూసుకుంటుంది. కానీ అదే అంతస్తులో చాటు సమస్య ఎక్కువ. ఎదురింటి బాల్కనీ సరిగ్గా అదే మట్టంలో ఉంది. సమతలంగా ఉన్న చిల్లు లోంచి అటువైపు నిలబడ్డ మనిషి చూపు నేరుగా లోపలికి వస్తుంది. పై అంతస్తుకు ఇది తిరగబడింది. అక్కడ చాటు కొంత తక్కువైనా ఫర్వాలేదు, 31 నుంచి 17 డిగ్రీల మధ్య వచ్చే ఎండ మాత్రం సమతలపు చిల్లుకు లొంగదు. అదే కోడలు గారు మీటింగుల్లో కూర్చునే గంట.

రెండు అంతస్తుల రెండు వేరు వేరు సమస్యలకూ ఒకటే మందు దొరికింది. చిల్లును బయటి వైపుకు 20 డిగ్రీలు కిందికి వాల్చాం. 100 మిల్లీమీటర్ల లోతులో చిల్లు 36 మిల్లీమీటర్లు దిగుతుంది. అప్పుడు సూటి ఎండ రావాలంటే పొద్దు దాదాపు 13 డిగ్రీలకు దిగాలి, అప్పటికి పై అంతస్తుకు కూడా ఎదురిల్లు అడ్డం వచ్చేసి ఉంటుంది. అంటే వేసవంతా సూటి ఎండ గాజు దాకా చేరదు. ఎదురుగా అదే మట్టంలో నిలబడ్డ మనిషికి చిల్లు ఎత్తులో ఐదింట రెండు వంతులే తెరుచుకుని కనిపిస్తుంది. లోపల కూర్చున్నవాళ్లకి మాత్రం వాలు వెంబడి చూపు వీధిలోకి దిగుతుంది, కూరగాయల బండి ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. వానకూ ఇదే లెక్క. ఈదురుగాలితో ఏటవాలుగా కొట్టే జల్లు కూడా వాలుకు తగిలి బయటికే జారిపోతుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. పాండిచ్చేరిలో శ్రీ అరవింద ఆశ్రమం కోసం ఆంటొనిన్ రేమండ్ 1930ల చివర్లో మొదలుపెట్టిన గోల్కొండె భవనంలో గది ముఖాలు మొత్తం వాల్చగలిగే పలకలే, గాజు కిటికీలు లేవు. మనలాగే ఉక్కపోత ఉన్న తీరంలో ఆ భవనం నేటికీ పని చేస్తోంది. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో 1920ల చివర్లో కొబొగో అనే బోలు దిమ్మెలు పుట్టాయి, అదీ సముద్రం పక్క వేడి ఊరే. కేరళలో లారీ బేకర్ మామూలు ఇటుకల్ని ఎడమెడంగా పేర్చే జాలీలు కట్టాడు, అచ్చులూ అదనపు ఖర్చూ లేకుండా. న్యూయార్క్ టైమ్స్ భవనానికి రెంజో పియానో సిరామిక్ కడ్డీల తెర వేసినప్పుడు లోపలివాళ్ల చూపు మట్టంలో కడ్డీలు వదిలేశాడు. తెర వేసేటప్పుడు లోపలి మనిషి కన్ను ఎక్కడుంటుందో ముందు చూడాలన్నది నేను ఆ భవనం నుంచి తీసుకున్న పాఠం.

"జైల్లో ఉన్నట్టు ఉంటుందేమో నాయనా"

అమ్మగారి మొదటి మాట ఇది. మాస్టారి అభ్యంతరం ఇంకొకటి: "జాలీ అంటే మా స్కూలు మెట్ల దగ్గర సిమెంటుది ఉండేది బాబూ. దుమ్మూ పావురాల గూళ్లూ తప్ప దాన్లో ఏమీ ఉండేవి కాదు. ఇంటి ముఖానికి అది పెడితే ఎవరైనా ఏమనుకుంటారు?"

రెండు మాటలూ నిజమే. సిమెంటు జాలీని మనం బాత్రూముకీ మెట్లకీ నెట్టేసి దాని పరువు తీశాం. అదే హైదరాబాదులో పైగా సమాధుల దగ్గరికి వెళ్తే, ఒక్కో గోడకు ఒక్కో జాలీ పనితనం చూసి మనసు నిండిపోతుంది. పరువు అన్నది చేసిన తీరులో ఉంటుందని మాటలతో చెప్పినా లాభం లేదు. అందుకని ఒక పలక నిజం సైజులో చేయించి, వాళ్ల బాల్కనీలోనే నిలబెట్టాం. పగలు అమ్మగారిని లోపల కుర్చీలో కూర్చోబెట్టాం. వీధి కనిపించింది, గాలి వచ్చింది, ఎదురింటివాళ్లు కనిపించలేదు. "ఇదైతే సరే" అన్నారు.

రాత్రి పరీక్ష అంతకంటే ముఖ్యం, చాలామంది అది చేయరు. పగలు బయట వెలుతురు ఎక్కువ, లోపల తక్కువ కాబట్టి జాలీ ఏదైనా చాటు ఇస్తుంది. దీపాలు పెట్టాక ఇది తలకిందులవుతుంది. ఎదురింటివాళ్లను అడిగి, వాళ్ల బాల్కనీలోకి కోడలు గారినే తీసుకెళ్లి మాస్టారి గదిలో లైటు వేయించాం. మనిషి ముఖం తెలియలేదు గానీ, అటూ ఇటూ నడుస్తున్న నీడ తెలిసింది. "సార్, ఎవరో ఉన్నారని తెలిసినా నాకు ఇబ్బందే" అన్నారామె. ఆ మాటతో లైట్ల ప్లాన్ మొత్తం మార్చాం. గది వెనక గోడ మీద దీపం ఉంటే మనిషి నీడ జాలీ వైపు పడుతుంది. దీపాలను పడమటి గోడ దగ్గరికి, తూర్పు వైపుకు వెలుగు పడేలా తెచ్చాం. జాలీ బయటి ముఖం మీద సజ్జ కింద నుంచి పలచటి పసుపు వెలుగు పడేలా చిన్న ఎల్ఈడీ పట్టీ వేశాం. బయటి ముఖం వెలిగితే చిల్లుల్లోపల చీకటిగా కనిపిస్తుంది. పడుకునే గదికి పలచటి కర్టెన్ మాత్రం ఉంచమన్నాను. రాత్రిపూట జాలీ ఒక్కటే మొత్తం చాటు ఇస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

బిళ్ళ తయారీ

వాలు చిల్లు ఉన్న బిళ్ళ బజార్లో దొరకదు. కొత్త అచ్చు చేయిస్తే ఒక్క ఇంటికి అంత ఖర్చు దండగ. దీనికి దారి చూపింది పెంకుల ఫ్యాక్టరీలో బోలు ఇటుకలు తీసే యంత్రమే. బంకమన్ను ఆ యంత్రం మూతికి ఉన్న అచ్చు (డై) లోంచి పొడవాటి గొట్టంలా బయటికి వస్తుంది, దాన్ని తీగతో అడ్డంగా కోస్తారు. కోసే తీగను 20 డిగ్రీలు వాల్చి పెడితే చాలు. కోసిన ముఖాలు నిలువుగా నిలబడినప్పుడు చిల్లు దానంతటదే వాలుతుంది. డైలో నడిమి గోడను మాత్రం 30 మిల్లీమీటర్లకు లావు చేయించాం, కడ్డీ దూర్చడానికి.

చివరికి బిళ్ళ ఇలా తేలింది: వెడల్పు 240 మిల్లీమీటర్లు, ఎత్తు 85, లోతు 100. పక్కపక్కనే రెండు చిల్లులు. ముందు నుంచి చూస్తే సగానికి కొంచెం పైన ఖాళీ. చదరపు మీటరు బరువు సుమారు 85 కిలోలు, మొత్తం తెర నాలుగు టన్నులకు దగ్గర.

మట్టి కోసం మొదట మన దగ్గరే చూశాం. కృష్ణా డెల్టా నల్లమట్టి ఒక్కటీ ఈ పనికి పనికిరాదు. ఆరేటప్పుడు విపరీతంగా కుంచించుకుపోయి, సన్న గోడలు బీటలు వారతాయి. అందుకే పెంకుల పనిలో తరాల అనుభవం ఉన్న కేరళ త్రిశూర్ వైపు ఒక ఫ్యాక్టరీలో చేయించాం. దూరం వల్ల లారీ ఖర్చు పెరిగింది, దారిలో విరిగినవీ ఉన్నాయి. అయినా బిళ్ళను వేలితో కొడితే కంచు గిన్నెలా మోగే నాణ్యత అక్కడ వచ్చింది. మోగకుండా డబ్ మని బొంగురుగా పలికితే లోపల పగులు ఉన్నట్టే.

ఆర్డరుకు ముందు మేము చూసుకున్నవి కొన్ని చెబుతాను. బిళ్ళను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి తూకం వేస్తే ఎంత నీరు పీల్చిందో తెలుస్తుంది. మట్టిలో సున్నపు గులకలు ఉంటే కాలినప్పుడు సున్నమవుతాయి, తర్వాత తడి తగలగానే ఉబ్బి బిళ్ళ ముఖం మీద పెచ్చులు ఊడతాయి. నానబెట్టి కొన్నాళ్లు వదిలేస్తే ఇదీ బయటపడుతుంది. తెల్లటి ఉప్పు పూత పట్టే మట్టిని తిరస్కరించాలి. కాల్చిన మట్టి జాలీలకు ఐఎస్ 7556 అనే ప్రమాణం ఉంది, మాట్లాడుకునేటప్పుడు దాన్ని ముందు పెడితే తయారీదారు కూడా జాగ్రత్తగా ఉంటాడు.

బట్టీలో ఏ మూల కాలిందన్న దాన్ని బట్టి రంగూ సైజూ మారతాయి. నేను దాన్ని లోపంగా చూడను. సైజును బట్టి మూడు కుప్పలు చేసి, ఒక్కో పలకలో ఒకే కుప్ప బిళ్ళలు వాడాం. రంగులను మాత్రం కావాలనే కలిపేశాం. ఒకే లారీ లోడు ఒకే చోట బిగిస్తే గోడ మీద అతుకులేసినట్టు కనిపిస్తుంది. గ్లేజు, అంటే గాజులాంటి మెరుపు పూత, వద్దనుకున్నాం. గ్లేజు ఉన్నది కడగడానికి సులువే, కానీ పడమటి పొద్దుకు మెరిసి ఎదురింటివాళ్ల కళ్లలో కొడుతుంది. మన చాటు కోసం పక్కవాళ్లను ఇబ్బంది పెట్టకూడదు కదా.

బిగింపు: అసలు డబ్బు పోయేది ఇక్కడే

చాలా చోట్ల మేస్త్రులు జాలీని సిమెంటుతో ఇటుకల్లా కట్టేస్తారు. నడుము ఎత్తు గోడకు అది చాలు. రెండంతస్తుల తెరకు అది ప్రమాదం. విజయవాడకు డిజైన్ గాలి వేగం, అంటే కట్టడం లెక్కల్లో తీసుకునే వేగం, సెకనుకు 50 మీటర్లు, దాని నుంచి వచ్చే ప్రాథమిక ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. తుపాను గాలి ఒకసారి నెడుతుంది, ఇంకోసారి లాగుతుంది. చిల్లులు ఉన్నాయి కదా, గాలి పోతుంది కదా అని స్ట్రక్చరల్ ఇంజనీరు అందులో తగ్గింపు తీసుకోలేదు. నేనూ అడగలేదు.

పాత బాల్కనీ శ్లాబు అంచు మీద ఈ బరువు ఒక్క కిలో కూడా పడకూడదన్నది మొదటి నిబంధన. అది కట్టినప్పుడు దాని కోసం లెక్కించింది కాదు. అందుకని నేల నుంచి సొంత పునాదులతో నాలుగు ఉక్కు స్తంభాలు లేపాం, బాల్కనీ అంచును దాటి బయటికి రాకుండా, సెట్‌బ్యాక్‌కు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీకి) భంగం లేకుండా. శ్లాబుతో వాటికి ఉన్న సంబంధం గాలి తోపుకు ఆసరా మాత్రమే. ఆ ఆసరా బోల్టుల చిల్లులు నిలువుగా సాగదీసినవి, కాబట్టి స్తంభం పొడవు పెరిగినా తరిగినా శ్లాబును లాగదు.

బిళ్ళలను మూడు వెడల్పు, పదకొండు వరుసల చిన్న పలకలుగా నేల మీదే కూర్చాం. 10 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ కడ్డీ ఒక వరుసలో బిళ్ళ నడిమి చిల్లు గుండా, పై వరుసలో రెండు బిళ్ళల సందు గుండా పోతుంది. అలా ఒకదాన్నొకటి తిరగనివ్వవు. నడిమి చిల్లు కాల్చాక తొలిచింది కాదు, పచ్చిమట్టి కాస్త గట్టిపడ్డాక నిలువుగా పొడిచింది. బిళ్ళకూ బిళ్ళకూ మధ్య రబ్బరు వాషరు ఉంటుంది. వాలుగా కూర్చున్న బిళ్ళ జారకుండా పట్టు ఇచ్చేదీ అదే, ఎండకు స్టీలు మట్టి కంటే దాదాపు మూడింతలు సాగే తేడాను మింగేదీ అదే. కడ్డీని ఆరు మీటర్ల పొడవున ఒకటే వేస్తే ఆ తేడా రెండు మిల్లీమీటర్లు దాటి బిళ్ళలు చిట్లుతాయి, మీటరు పలకలో అది అర మిల్లీమీటరు లోపే. నట్టును చేత్తో బిగించి, స్ప్రింగ్ వాషరు వేసి వదిలేయాలి. పానా పెట్టి బలంగా తిప్పితే అక్కడికక్కడే బిళ్ళ పగులుతుంది. ఈ సంగతి మొదటి రోజే పనివాళ్లందరికీ చేసి చూపించాం.

కడ్డీకి మామూలు ఇనుము వాడొద్దని గట్టిగా చెబుతాను. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి మట్టిని చీలుస్తుంది. విజయవాడకు ఎస్ఎస్ 304 రకం స్టెయిన్‌లెస్ చాలు. విశాఖలోనో కాకినాడలోనో సముద్రం గాలి తగిలే చోటైతే 316 తీసుకోవాలి.

ఒక్కో పలక 60 కిలోల లోపు ఉంటుంది. ఇద్దరు మనుషులు, ఒక చైన్ పుల్లీతో ఎక్కించారు. పలకలు చిన్నగా ఉండాలని పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది: రేపు ఒక బిళ్ళ విరిగితే ఆ ఒక్క పలక విప్పి కిందికి దించి, కడ్డీ లాగి, బిళ్ళ మార్చి మళ్లీ ఎక్కించవచ్చు. ఖర్చులో మట్టి వాటా సగం లోపే. మిగతాది ఉక్కు, స్టెయిన్‌లెస్, కూలి. బిళ్ళ ధర చూసి బడ్జెట్ వేసుకునేవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు.

ప్రతి అంతస్తులో రెండు పలకల్ని తలుపుల్లా తెరుచుకునేలా పెట్టాం, పిల్లల కోసం తాళంతో. అగ్ని ప్రమాదం వస్తే బయటపడే దారి మూసేయకూడదు, బీరువా ఎక్కించాలన్నా అదే దారి. వినాయక చవితి ఊరేగింపు వీధిలోకి వచ్చినప్పుడు హారతి ఇవ్వాలని అమ్మగారు ఒక తలుపు చోటు తానే చూపించారు, దాన్ని అక్కడే పెట్టాం. వాస్తు చూసే ఆయన కూడా వచ్చి, పడమర బరువు పెరగడం మంచిదేనని చెప్పి వెళ్లారు.

ఏసీ బయటి యూనిట్లను మాత్రం తెర వెనక ఉంచలేదు. చిల్లుల వెనక పెడితే అది వదిలిన వేడి గాలినే అది మళ్లీ పీల్చుకుంటుంది, చల్లదనం పడిపోతుంది, కరెంటు పెరుగుతుంది. వాటిని ఉత్తరం వైపు సందులోకి మార్చాం. పావురాల సంగతి మాస్టారు మొదటే హెచ్చరించారు. పలక వెనక ప్రతి చిల్లు వరుసకూ నడిమిగా ఒక సన్న స్టీలు తీగ అడ్డంగా లాగాం. సందు 30 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది, పావురం పట్టదు, తీగ కంటికి ఆనదు.

ఒక వేసవి గడిచాక

పడమటి గోడను ఇప్పుడు మే నెల మధ్యాహ్నం చేత్తో తాకగలుగుతున్నారు. అంతకుముందు మధ్యాహ్నమే మొదలయ్యే ఏసీ ఇప్పుడు మొదటి అంతస్తులో రాత్రి భోజనాలయ్యాకే వేస్తున్నారు. సాయంత్రం గాలి మళ్లిన రోజుల్లో గాజు తలుపులు బార్లా తీసి ఉంచుతున్నారు, అది వాళ్లింట్లో ఏళ్లుగా లేని సంగతి. వడగాలి కొట్టే రోజుల్లో మాత్రం తలుపులు మూసే ఉంచాలి. జాలీ ఎండను ఆపుతుంది, గాలి వేడిని ఆపలేదు. రోహిణి కార్తెలో బయటి గాలే కాగుతుంటే ఏ తెరా దాన్ని చల్లబరచదు.

గదిలో వెలుతురు తగ్గింది, ఇది దాచవలసిన విషయం కాదు. బాల్కనీ పైకప్పుకు తెల్ల సున్నం వేయించాం, వీధి మీద నుంచి పైకి కొట్టే వెలుగు వాలు చిల్లుల గుండా వచ్చి ఆ పైకప్పుకు తగిలి లోపలికి పరుచుకుంటుంది. మాస్టారు పగలు పేపరు లైటు లేకుండానే చదువుకుంటున్నారు. కోడలు గారికి మాత్రం బల్ల మీద దీపం కావలసి వచ్చింది. స్క్రీను మీద ఎండ తళతళ పోయినందుకు ఆ దీపం తనకు సమ్మతమేనన్నారు.

దుమ్ము పడుతుంది. వాలు వల్ల వానకు కొంత కడుక్కుపోతుంది, మిగిలినదాన్ని సంక్రాంతి ముందు ఒకసారి, వేసవి తర్వాత ఒకసారి లోపలి నుంచి పైపుతో కొడితే పోతుంది. నీళ్లు నిలవకుండా బాల్కనీ నేలకు వాలూ మూలన గొట్టమూ ఉన్నాయి. యాసిడ్ కలిపిన క్లీనర్లు వాడొద్దని రాసి ఇచ్చాం, అవి సందుల్లోని స్టీలును తింటాయి.

ఇదే బిళ్ళను ఇంకో ఇంటికి యథాతథంగా తీసుకెళ్లొద్దని అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను. హైదరాబాదులో పొద్దు కోణాలు దాదాపు ఇవే, డిజైన్ గాలి వేగం 44 మీటర్లకు తగ్గుతుంది కాబట్టి ఉక్కు కొంత తేలికవుతుంది. కానీ ఎదురుగా ఖాళీ స్థలమో చెరువో ఉంటే ఆఖరి గంట ఎండను ఆపడానికి ఎదురిల్లు ఉండదు, అప్పుడు 20 డిగ్రీల వాలు చాలదు, లోతు పెంచాలి. వీధి పల్లంలో ఉండి ఇల్లు ఎత్తులో ఉంటే కిందికి వాలిన చిల్లే చూపును లోపలికి తెస్తుంది, వాలు వేరేలా పెట్టాలి. ఎదురింటి పిట్టగోడ ఎత్తు, వీధి వెడల్పు, లోపల కూర్చునే మనిషి కంటి మట్టం, ఈ మూడూ కొలవకుండా బిళ్ళ సైజు ఖరారు చేయకండి. ఆర్డరిచ్చేటప్పుడు లెక్క మీద నూటికి పది బిళ్ళలు ఎక్కువ చెప్పండి. సగం దారిలోనూ బిగింపులోనూ పోతాయి, మిగతా సగం మేడ మీద ఉంచుకోవాలి. రెండేళ్ల తర్వాత అదే రంగు, అదే సైజు అడిగితే ఏ బట్టీ ఇవ్వలేదు.